చెవి కాలువలో ఇన్ఫెక్షన్: శుభ్రం నుంచి చుక్కల దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

చెవి పోటు మొదలైతే మందుల షాపుకి వెళ్లే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపున, గట్టి బుడిపె లాంటిది ఉంటుంది. దాన్ని వేలితో లోపలికి నొక్కండి. తర్వాత చెవి డొప్పను పట్టుకుని పైకి, వెనక్కి లాగండి. ఈ రెండింట్లో ఏది చేసినా నొప్పి జివ్వుమని లాగితే, తెగులు బయటి కాలువలోనే ఉందని దాదాపుగా చెప్పొచ్చు. మధ్య చెవిలో చీము పట్టినప్పుడు డొప్పను లాగినా పెద్ద తేడా తెలియదు. ఆ రకం సాధారణంగా జలుబు తర్వాత, ఎక్కువగా పిల్లల్లో, జ్వరంతో వస్తుంది. కర్ణభేరి చిట్లి చీము బయటికి రాగానే నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతుంది.

కారే ద్రవాన్ని బట్టి కూడా పోల్చుకోవచ్చు. తీగలా సాగే జిగురు కారుతుంటే అది మధ్య చెవి నుంచి వస్తున్నట్టే, ఎందుకంటే బయటి కాలువలో జిగురు తయారుచేసే గ్రంథులు లేవు. బయటి కాలువ తెగులులో ముందు దురద, తర్వాత నొప్పి, ఆపైన పలచటి రసి లేదా ముద్దగా తెల్లటి పొట్టు, చెవి మూసుకుపోయినట్టుండటం వరసగా వస్తాయి. అన్నం నమిలేటప్పుడు కూడా నొప్పి పుడుతుంది, దవడ కీలు కాలువను ఆనుకునే ఉంటుంది మరి.

అసలు ఎందుకు వస్తుంది

పెద్దవాళ్లలో ఈ కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతులో వెంట్రుకలు, గులిమి తయారుచేసే గ్రంథులు ఉంటాయి. లోపలి భాగంలో చర్మం పలచగా, నేరుగా ఎముకను అంటుకుని ఉంటుంది. అందుకే అక్కడ కొంచెం వాచినా భరించలేనంత నొప్పి. గులిమిని చాలామంది మురికి అనుకుంటారు కానీ, కాస్త ఆమ్లగుణంతో, జిడ్డుగా ఉండి నీళ్లను, సూక్ష్మజీవులను ఆపేది అదే. దాన్ని రోజూ బడ్స్‌తో తోడేసి, అగ్గిపుల్లతోనో పిన్నీసుతోనో కోడి ఈకతోనో గీరి, ఆ గీతల మీద స్నానం నీళ్లో ఈత నీళ్లో నిలవనిస్తే ఇన్ఫెక్షన్‌కి కావలసినవన్నీ సమకూరినట్టే. ఎక్కువగా పట్టుకునేవి సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు. వర్షాకాలంలోనూ, కోస్తా ఉక్కపోతలోనూ బూజు తెగులు వాటా కూడా తక్కువేం కాదు.

ఇంట్లో చూసుకోకూడని సందర్భాలు

మీకు షుగరు ఉంటే, కీమోథెరపీ జరుగుతుంటే, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతుంటే మొదటి రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గతంలో కర్ణభేరికి రంధ్రం ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, చెవికి ఆపరేషన్ జరిగి ఉంటే కూడా అంతే. చెవి వెనక ఎముక వాచి, డొప్ప ముందుకి తోసుకొచ్చినట్టు కనిపించినా, ఎరుపు డొప్ప మీదకి, మెడ మీదకి పాకినా, జ్వరం, కళ్లు తిరగడం, వినికిడి బాగా తగ్గడం ఉన్నా ఆగొద్దు. మూతి ఒక పక్కకి వంకర పోతే అదే రోజు ఆసుపత్రి. డొప్ప మీద నీటి పొక్కులు కూడా ఉంటే అది వైరస్ పని కావొచ్చు, దాని మందు మొదటి 72 గంటల్లో పడాలి.

హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. మిగతా చోట్ల జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉందేమో వాకబు చేయండి.

మొదటి పని: శుభ్రం

కాలువ నిండా చీము, పొట్టు, గులిమి ఉంటే ఎంత ఖరీదైన చుక్కలు వేసినా చర్మానికి తగలవు. చికిత్స ఫలించకపోవడానికి మందు మంచిది కాకపోవడం కంటే ఇదే పెద్ద కారణం. డాక్టర్ మైక్రోస్కోప్ కింద సన్నటి సక్షన్ గొట్టంతో గానీ, సలాకకి చుట్టిన పొడి దూదితో గానీ తీస్తారు. ఐదు పది నిమిషాల పని. చప్పుడు ఎక్కువ, కొందరికి కాసేపు తల తిరుగుతుంది, ముందే చెప్పి కూర్చోండి. తెగులు ముదిరి ఉంటే రెండు మూడు రోజులకోసారి రమ్మంటారు. నొప్పి తగ్గింది కదా అని ఆ రెండో విడత మానేయకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది బయటికి వచ్చినదాన్ని తుడవడం వరకే. టిష్యూ కాగితం లేదా ఉతికి ఆరేసిన నూలు గుడ్డ ముక్కను సన్నగా మెలిపెట్టి వత్తిలా చేయండి. రంధ్రం ముఖద్వారంలో అర నిమిషం ఉంచి, తడి పీల్చుకున్నాక తీసి పారేయండి, కొత్తది పెట్టండి, పొడిగా వచ్చేదాకా మార్చండి. తోయొద్దు, తిప్పొద్దు. బడ్ అసలే వద్దు, అది తీసేదాని కంటే లోపలికి నెట్టేది ఎక్కువ. సిరంజితో నీళ్లు కొట్టించుకోవడం కూడా ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పనికిరాదు, షుగరు ఉన్నవాళ్లకైతే అది ప్రమాదమే. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసమని నురగ వస్తుంటే శుభ్రమైపోతున్నట్టు అనిపిస్తుంది కానీ, చివరికి మిగిల్చేది మండే చర్మాన్ని, నీళ్లని.

వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసరు, చనుబాలు లాంటివన్నీ వాచిన చర్మం మీద పడితే కాలుస్తాయి, లేదంటే బూజుకు తిండి అవుతాయి. పెద్దవాళ్లు ప్రేమతో చేసేదే, కాదనడం కష్టమే. అయినా చెవిలో మటుకు వద్దనండి.

ఏ చుక్కలు

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి, తెగులు కాలువ దాటి పాకనప్పుడు, యాంటీబయాటిక్ మాత్రలు అవసరం లేదు. చుక్కల్లో ఉండే మందు గాఢత మాత్ర ద్వారా ఆ చర్మానికి చేరేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నోటి ద్వారా ఎక్కువగా ఇచ్చే అమాక్సిసిలిన్ రకం మందులు సూడోమోనాస్‌ని ఏమీ చేయలేవు కూడా. అయినా మన దగ్గర చెవి పోటంటే షాపులోనే ఐదు రోజుల మాత్రలు కట్టి ఇచ్చేస్తారు. విరేచనాలు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

బ్యాక్టీరియా తెగులుకి ఎక్కువగా రాసేవి సిప్రోఫ్లాక్సాసిన్ 0.3 శాతం లేదా ఆఫ్లాక్సాసిన్ 0.3 శాతం చుక్కలు. వాపు ఎక్కువగా ఉంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసినవి రాస్తారు, నొప్పి కాస్త త్వరగా తగ్గుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ కలిసిన చెవి చుక్కలకి మామూలు లెక్క రోజుకు 2 సార్లు, సారికి 4 చుక్కలు, 7 రోజులు. ఆఫ్లాక్సాసిన్ ఒక్కటే అయితే 13 ఏళ్లు దాటినవారికి రోజుకు ఒకసారే 10 చుక్కలు, అంతకంటే చిన్నపిల్లలకు 5 చుక్కలు, 7 రోజులు. మీ చీటీలో వేరే లెక్క ఉంటే చీటీదే పాటించండి.

నియోమైసిన్, జెంటమైసిన్ ఉన్న చుక్కలు చవక, బాగానే పనిచేస్తాయి కూడా. కానీ కర్ణభేరికి రంధ్రం ఉంటే అవి లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీయగలవు. కర్ణభేరికి రంధ్రం లేదని డాక్టర్ చూసి చెప్పకుండా వాటి జోలికి వెళ్లకండి. చుక్కలు వేసిన కాసేపటికి గొంతులో చేదు తగిలితే రంధ్రం ఉందేమోనని అనుమానించాలి. అలా తగిలితే వేయడం ఆపి, డాక్టర్‌కి చెప్పండి.

కొత్తగా మొదలై, దురదతో కొద్దిపాటి నొప్పి మాత్రమే ఉన్నప్పుడు 2 శాతం ఎసిటిక్ యాసిడ్ చుక్కలు కూడా సరిపోతాయి. కాలువను మళ్లీ ఆమ్లగుణంలోకి తెస్తే సూడోమోనాస్, బూజు రెండూ నిలవలేవు. కాస్త మంటగా ఉంటుంది, వారం దాటితే పెద్దగా ఉపయోగం ఉండదు.

బూజు తెగులు తీరు వేరు. నొప్పి కంటే దురద ఎక్కువ, ఆగనివ్వని దురద. డాక్టర్ లోపల చూస్తే తడిసిన కాగితం ముద్దలా, నల్ల చుక్కలతోనో, తెల్లటి నూగుతోనో కనిపిస్తుంది. ముందు దాన్ని పూర్తిగా తీయాలి, తర్వాత క్లోట్రిమజోల్ 1 శాతం చుక్కలు రోజుకు 2 లేదా 3 సార్లు, 10 నుంచి 14 రోజులు. దురద మూడో రోజుకే తగ్గుతుంది, అక్కడ ఆపేస్తే నెలలోపు మళ్లీ వస్తుంది. యాంటీబయాటిక్ చుక్కలు రెండు మూడు వారాలు వాడినవాళ్లకి తర్వాత బూజు పట్టడం చాలా మామూలు. బ్యాక్టీరియా పోయి చోటు ఖాళీ అవుతుంది, తడి మిగిలే ఉంటుంది.

మన షాపుల్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్, బూజు మందు, నొప్పి తెలియనివ్వని లిగ్నోకైన్ అన్నీ ఒకే సీసాలో కలిపి అమ్ముతారు. దేనికైనా పనికొస్తుందని ఇస్తారు. ఏది తగ్గిందో, ఏది తగ్గలేదో తెలియకుండా పోవడమే దాంతో వచ్చే చిక్కు. లిగ్నోకైన్ నొప్పిని కప్పేస్తుంది, తెగులు కింద సాగుతూనే ఉంటుంది.

కంటి చుక్కలనే చెవికి రాశారని కంగారు పడకండి. కంటికి చేసినవి చెవిలో వేసుకోవచ్చు. చెవికి చేసినవి మాత్రం కంట్లో వేయకూడదు.

చుక్కలు వేసే పద్ధతి

తమకు తామే వేసుకునేవాళ్లకి సగం మందు డొప్ప మీదే పడుతుంది. వీలైతే ఇంట్లో ఇంకొకరితో వేయించుకోండి.

1. చేతులు కడుక్కుని, సీసాను రెండు మూడు నిమిషాలు పిడికిట్లో పట్టుకోండి. చల్లటి చుక్కలు లోపలికి వెళ్తే కళ్లు గిర్రున తిరుగుతాయి. వేడి నీళ్లలో ముంచి కాచొద్దు. తెల్లగా, మబ్బుగా ఉండే మందైతే బాగా కదిలించండి.

2. బాధ ఉన్న చెవి పైకి ఉండేలా పక్కకి తిరిగి పడుకోండి. కూర్చుని తల వంచితే సరిపోదు.

3. పైకి కారిన రసిని పైన చెప్పిన వత్తితో పీల్చేయండి.

4. పెద్దవాళ్లకి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్ల లోపు పిల్లలకి కిందికి, వెనక్కి. అలా లాగితే వంపుగా ఉన్న కాలువ తిన్నగా అవుతుంది.

5. సీసా మూతి చెవికి తగలకుండా, చుక్కలు కాలువ గోడ వెంబడి జారేలా వేయండి. రంధ్రం నడిమధ్యన టపటపా వేస్తే కింద గాలి బుడగ చిక్కుకుని మందు పైనే నిలుస్తుంది.

6. మొదట నొక్కి చూసిన ఆ బుడిపెను ఇప్పుడు నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదలండి. లోపలి గాలి బయటికి వచ్చి మందు కిందికి దిగుతుంది. నొప్పిగా ఉంటే డొప్పను అటూ ఇటూ కదిపినా చాలు.

7. అలాగే 3 నుంచి 5 నిమిషాలు పడుకోండి. లేచాక బయటికి కారిందే తుడవండి. దూది కుక్కకండి, అది మందును పీల్చుకుని లోపల ఉక్కపోతను పెంచుతుంది.

చిన్నపిల్లలకి నిద్రలో వేయడం సులువు.

సరిగ్గా వేస్తున్నారో లేదో సీసానే చెబుతుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. రోజుకు 8 చుక్కల చొప్పున 7 రోజులకు 56, అంటే దాదాపు 3 మిల్లీలీటర్లు. ఒక చెవికి వారం వాడాక 5 మిల్లీలీటర్ల సీసాలో సగానికి పైగా మిగిలి ఉంటే చుక్కలు తక్కువ పడ్డట్టే. తెరిచిన సీసాను నాలుగు వారాల తర్వాత పారేయండి. రెండు చెవులకీ వేయాల్సి వస్తే తెగులు తక్కువగా ఉన్న చెవికి ముందు వేయండి.

కాలువ పూర్తిగా మూసుకుపోతే

వాపు ఎక్కువై రంధ్రం కనిపించకపోతే చుక్కలు పైనే నిలిచిపోతాయి. అప్పుడు డాక్టర్ స్పాంజి లాంటి సన్నటి వత్తిని లోపలికి దూర్చుతారు. మందు పడగానే అది ఉబ్బి, చుక్కలను చర్మానికి చేరుస్తుంది. పెట్టేటప్పుడు బాగా నొప్పి పుడుతుంది, అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్లడం నయం. వత్తి మీదే చెప్పిన వేళకి చుక్కలు వేస్తూ ఉండాలి, ఎండనివ్వకూడదు. 24 నుంచి 72 గంటల్లో దాన్ని తీయించాలి. వాపు తగ్గి దానంతట అది జారి పడిపోయినా భయం లేదు, మంచి సూచనే. మళ్లీ దూర్చే ప్రయత్నం మాత్రం చేయకండి.

నొప్పి ఒకే చోట పోటెత్తుతూ, రంధ్రం ముఖద్వారంలో ఎర్రటి గడ్డ కనిపిస్తే అది వెంట్రుక కుదుట్లో లేచిన సెగగడ్డ. దీనికి చుక్కలతో పాటు స్టెఫైలోకాకస్‌పై పనిచేసే మాత్రలు అవసరం కావొచ్చు. పాత డాక్టర్లు ఇక్తమాల్ గ్లిజరిన్ అనే మందులో తడిపిన, గాయాలకు కట్టే పలచటి గుడ్డ (గాజ్) పెడతారు, వాపు లాగేస్తుంది. గిల్లొద్దు.

నొప్పికి

మొదటి రెండు రోజులు నొప్పి మాత్రను నొప్పి వచ్చాక కాకుండా వేళకే వేసుకోండి. పెద్దవాళ్లకి పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి. పిల్లలకి కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు నాలుగు సార్లకి మించకుండా. చాలకపోతే పెద్దవాళ్లు ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు అన్నం తిన్నాక వేసుకోవచ్చు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ముట్టొద్దు. నొప్పి రాత్రిపూట నిద్ర పట్టనివ్వకుండా రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రల మోతాదు పెంచడం కాదు, చెవి చూపించుకోవాలి.

తడి తగలకుండా

7 నుంచి 10 రోజులు ఈత, మునక స్నానం బంద్. తలంటు వాయిదా వేయండి. తప్పకపోతే దూది ఉండకి వాసెలిన్ పట్టించి రంధ్రం మీద మూతలా పెట్టి, స్నానం అవగానే తీసేయండి. నీళ్లు వెళ్లాయనిపిస్తే తల వంచి డొప్ప లాగుతూ కారనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, అడుగు దూరం నుంచి అర నిమిషం పట్టొచ్చు. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు ఈ వారం పక్కన పెట్టండి. వినికిడి యంత్రం వాడేవాళ్లు వీలైనంత సేపు తీసే ఉంచి, చెవిలో దూరే దాని అచ్చును స్పిరిట్ తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే పెట్టుకోవాలి.

తగ్గకపోతే ఎక్కడ తేడా

సరైన మందు సరిగ్గా పడితే 48 నుంచి 72 గంటల్లో నొప్పి తగ్గుముఖం పట్టాలి. పట్టలేదంటే వరసగా ఇవి చూడండి. కాలువ శుభ్రం చేయించారా? చుక్కలు లోపలికి దిగుతున్నాయా? అసలు తెగులు బూజా? ఇవన్నీ సరిగ్గానే ఉంటే ఆ చుక్కలే మీ ఒంటికి పడటం లేదేమో. నియోమైసిన్ కొందరికి పడదు. అప్పుడు నొప్పి కంటే దురద పెరిగి, చుక్కలు కారిన దారి వెంబడి ఎరుపు చెవి తమ్మె దాకా దిగుతుంది. ఆ చుక్కలు ఆపితేనే తగ్గుతుంది. తలకి వేసే రంగు, షాంపూ, చెవి కమ్మల్లోని నికెల్ కూడా ఇదే పని చేయగలవు.

చెవి చూస్తే శుభ్రంగా ఉండి నొప్పి మాత్రం ఉంటే, పుచ్చిన దవడ పన్ను, దవడ కీలు, టాన్సిల్స్ చూపించుకోండి. గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ అలవాటు ఉన్నవాళ్లు నోరు, గొంతు తప్పకుండా చూపించుకోవాలి. నాలుక వెనకభాగంలోని పుండు నొప్పి చెవిలో తెలుస్తుంది.

షుగరు ఉన్నవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ముఖ్యంగా అరవై దాటినవాళ్లలో ఈ తెగులు చర్మం దాటి పుర్రె అడుగు ఎముకలోకి పాకగలదు. డాక్టర్లు పెట్టిన పేరులో ‘మాలిగ్నెంట్’ అన్న మాట ఉన్నా ఇది క్యాన్సర్ కాదు, కానీ ప్రాణాంతకం కాగలదు. చూడటానికి చెవి మామూలుగానే ఉన్నా నొప్పి లోతుగా, రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. కాలువ అడుగున ఎర్రటి కండ పెరిగినట్టు కనిపిస్తుంది. ముదిరితే మూతి వంకర పోతుంది. డాక్టర్ ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్త పరీక్షలు, సీటీ స్కాన్, ఆ కండ నుంచి చిన్న ముక్క పరీక్ష రాస్తారు. చికిత్స కనీసం ఆరు వారాలు, తరచుగా సిప్రోఫ్లాక్సాసిన్ 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కొందరికి సూది మందులు. ఆ మాత్రను పాలు, పెరుగు, గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, మాత్రకీ వాటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో అడిగి రాయించుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడుతుంటే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు, మొదటి వారం తరచుగా చూసుకోండి.

మళ్లీ రాకుండా

బడ్స్ ఇంట్లోంచి తీసేయండి, అదే అన్నిటికంటే పెద్ద మందు. గులిమి చర్మంతో పాటు దానంతట అదే బయటికి జరుగుతుంది, ముఖద్వారానికి వచ్చింది తువ్వాలు కొసతో తుడిస్తే చాలు. దురద ఆగకపోతే గీరకుండా చర్మ సమస్య ఉందేమో చూపించుకోండి. తలలో చుండ్రు, ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవాళ్లకి చెవిలోనూ అదే ఉంటుంది, తలకి వైద్యం చేస్తేనే చెవి కుదుటపడుతుంది.

ఈత కొట్టేవాళ్లు, నదీస్నానాలకు వెళ్లేవాళ్లు ఒడ్డుకు రాగానే రెండు చెవులూ వంచి నీళ్లు దించి, తువ్వాలుతో ఒత్తాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, చెవి కారుతున్నవాళ్లు మునక వేయకుండా నీళ్లు తల మీద చల్లుకోవడం మేలు. ఈతకి ముందు, తర్వాత వేసుకోవడానికి ఎసిటిక్ యాసిడ్ చుక్కలు డాక్టర్‌ని అడిగి తెచ్చుకోవచ్చు. విదేశీ సలహాల్లో వెనిగర్, ఆల్కహాల్ సమంగా కలిపి వేసుకోమని కనిపిస్తుంది. అక్కడి ఆల్కహాల్, మన షాపులో సీసాలో పోసిచ్చే స్పిరిట్ ఒకటి కాకపోవచ్చు కాబట్టి ఆ కలపడం ఇక్కడ వద్దు. తెల్ల వెనిగర్‌కి అంతే కాచి చల్లార్చిన నీళ్లు కలిపితే 2 శాతం దరిదాపుల్లోకి వస్తుంది, ఏ రోజుకారోజు కలుపుకుని నాలుగైదు చుక్కలు వేసి, నిమిషం ఆగి కార్చేయండి. కర్ణభేరికి రంధ్రం లేనివాళ్లకే ఇది. చెవిలో అప్పటికే నొప్పి, రసి ఉంటే వేయకూడదు.